ఎమ్ దగ్గర ఆగిపోయిన డిక్షనరీ

బోర్డు మీద ఎవరో 'తప్పు' అని రాశారు. రాసిన చేతికి భయం లేదు సరికదా, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

కుటుంబరావుకి ఒళ్లు మండింది. నందిగామ బస్టాండు వెనక ట్యుటోరియల్ కాలేజీలో అతను ఇంగ్లీషు మాస్టారు. ఇంటిల్లిపాదీ మిరపకాయల వ్యాపారం చేస్తుంటే తనొక్కడే మాటల వెంట పడ్డాడు. రోజూ పొద్దున్నే గుమ్మం పక్క బోర్డు మీద 'నేటి మాట' అంటూ ఓ పాత ఇంగ్లీషు మాట, దాని అర్థం, పుట్టుక రాసేవాడు. బస్సు దిగినవాళ్లు కూడా ఆగి చదివేవారు. డెబ్భై ఎనిమిదిలో ఆ ఊళ్లో అతని కంటే అతని బోర్డుకే పేరెక్కువ.

ఆనాటి మాట క్విడ్‌నంక్. 'క్విడ్ దొర పెంచిన మొండి గుర్రం పేరు నంక్. దాన్నిబట్టి మొండివాడని అర్థం' అని రాశాడు. కింద ముత్యాల అక్షరాలు ఇలా ఉన్నాయి: 'తప్పు. లాటిన్‌లో ఇప్పుడేంటి విశేషం అని. ఊరి కబుర్లన్నీ కావాలని ఎగబడేవాడు.'

"ఎవరిదీ పని?"

"నాదేనండి." మేడమీద టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లే మెట్ల మీద ఓ అమ్మాయి నిలబడి ఉంది. చేతిలో సుద్దముక్క ఇంకా అలాగే ఉంది. "మీరు రాసింది చెరపలేదు. కింద రాశా, అంతే."

"మీకెలా తెలుసు?"

"పుస్తకంలో ఉంది. మీకెలా తెలుసండి?"

చినుకులు మొదలయ్యాయి. కుటుంబరావు వాటివైపు శ్రద్ధగా చూశాడు. "వానొస్తోంది, తడుస్తారు."

"అది జవాబు కాదండి," అని ఆమె మేడెక్కింది.

పేరు వాసవాంబ. రోజూ జగ్గయ్యపేట నుంచి బస్సులో వస్తుంది. ఆ తర్వాత వారం పదిరోజులు కుటుంబరావు జాగ్రత్తగా ఉన్నాడు. 'గ్రోక్: పక్కవాడు తింటుంటే మనల్నీ పిలుస్తాడేమోనని మాట్లాడకుండా చూస్తూ కూర్చోవడం. స్కాట్లాండు మాట' అని రాసిన రోజు 'తప్పు' పడలేదు. ఆ మధ్యాహ్నమే వరండాలో ఆమె టిఫిన్ డబ్బా విప్పితే, కళ్లు తిప్పుకోలేక దొరికిపోయాడు.

"ఏంటి మాస్టారూ, గ్రోక్ చేస్తున్నారా?"

"పులిహోరని చూస్తున్నా," అన్నాడు. పులిహోర సగం అతనికి వచ్చింది గానీ, అతను చూసింది పులిహోరని కాదని ఇద్దరికీ తెలుసు.

తినడం అయ్యాక ఆమె మెల్లగా అడిగింది. "ఏ నుంచి ఎమ్ వరకూ మీరు రాసేవి అచ్చం పుస్తకంలోంచి తీసినట్టుంటాయి. ఎన్ నుంచి అన్నీ గుర్రాలూ, దొరలూ. మీ డిక్షనరీ ఎక్కడ ఆగిపోయిందండీ?"

కుటుంబరావు తల దించుకున్నాడు. "ఎమ్ దగ్గర. మీ ఊళ్లో పాతకాగితాల కొట్లో కొన్నా. అట్టలూడి రెండు ముక్కలైందట. రెండో ముక్క అప్పటికే ఎవరో కిరాణా ఆయన పొట్లాలకి తూచి పట్టుకెళ్లాడు."

వాసవాంబ ఆగకుండా నవ్వింది. "ఆ కిరాణా ఆయన మా నాన్నగారే. చింపుతుంటే అడ్డంపడి మూడేళ్లుగా దాచుకున్నా."

అతనికి ఆ క్షణాన ప్రాణం లేచొచ్చింది. "అయితే ఒక్కసారి ఇస్తారా?"

"అబద్ధాలు రాసే మాస్టారికి నా సగం ఇవ్వను." నవ్వుతూనే అన్నా ఆ మాట నిజంగానే అంది. పోతూపోతూ బోర్డు మీద 'అల్ట్రాక్రెపిడేరియన్' అని రాసింది. 'చెప్పులు కుట్టేవాడు చిత్రకారుడి బొమ్మలో చెప్పుకి వంక పెడితే సరే, కాలికీ పెట్టబోతే చెప్పు దాటకు అన్నారట. ఆ లాటిన్ మాటలోంచి వచ్చింది. తెలియనిదాంట్లో తలదూర్చేవాడు.'

గురువారం ఆమెకి టైపు పరీక్ష. ఆ తర్వాత నందిగామలో ఆమెకి పనిలేదు. బుధవారం రాత్రి కుటుంబరావుకి నిద్రపట్టలేదు. ఆమె మళ్లీ రాదన్న దిగులు ముందు పరువు ఏపాటిదనిపించింది.

తెల్లారి బోర్డు మీద మాట లేదు. 'ఎన్ నుంచి జెడ్ వరకూ నేను రాసిన పుట్టుకలన్నీ నా కల్పనలే. నా దగ్గరుంది సగం పుస్తకం. క్షమించండి. కుటుంబరావు.'

పిల్లలు పడీపడీ నవ్వారు. టీ బంకు దాకా కబురు పాకింది. వాసవాంబ పరీక్ష రాసి దిగొచ్చి, బోర్డు రెండుసార్లు చదివింది. కింద ఒక్క మాట రాసి బస్సెక్కింది. 'రెడమన్సీ.'

అర్థం రాయలేదు. ఆర్‌తో మొదలయ్యే మాట అతని సగంలో ఎలా ఉంటుంది?

ఆదివారం పొద్దున్నే జగ్గయ్యపేటలో వాసవాంబ నాన్న రామకోటేశ్వరరావు గారి కిరాణా కొట్టు ముందు నిలబడ్డాడు.

"ఏం కావాలి బాబూ?"

"ఒక మాటకి అర్థం కావాలండి."

"కందిపప్పుంది, పెసరపప్పుంది. మాటలైతే మేం అమ్మం." ఆయన కళ్లజోడు పైకి తోసి చూశాడు. "ఆ బోర్డు మాస్టారువి నువ్వేనా?"

"అవునండి."

ఆయన గల్లాపెట్టె పక్కనుంచి పటికబెల్లం పొట్లం తీసి చేతిలో పెట్టాడు. "మూడేళ్లుగా ఆ పుస్తకంలో కాగితం ముట్టుకోనివ్వలేదు మా పిల్ల. నిన్న తనే ఒకటి చింపుకొచ్చి, ఒకాయన వస్తే దీంట్లో పటికబెల్లం కట్టివ్వు నాన్నా అంది. నాకు ఇంగ్లీషు రాదు గానీ, మా పిల్ల సంగతి తెలుసు. మీ పెద్దవాళ్లని ఎప్పుడు పంపిస్తావు?"

కుటుంబరావు గబగబా పొట్లం విప్పాడు. పటికబెల్లం కింద చిన్న అక్షరాల్లో ఉంది. 'రెడమన్సీ: లాటిన్‌లో తిరిగి ప్రేమించడం. తనను ప్రేమించినవారిని తానూ ప్రేమించడం.'

లోపలి తలుపు దగ్గర గాజుల చప్పుడైంది.

"ఆ కాగితం పారేయకండి," అంది వాసవాంబ. "మళ్లీ అంటించాలి. ఈసారి వచ్చేటప్పుడు మీ సగం కూడా పట్టుకురండి."