తార్నాక నుంచి ఒకరు

"నీ బ్లాగు తెరుచుకునేలోపు సికింద్రాబాద్ వెళ్ళి రావచ్చు," అంది పక్క సీట్లో అమ్మాయి.

కొమురెల్లికి ఒళ్ళు మండింది. ప్రత్యేక రాష్ట్రం కోసం క్యాంపస్‌లో లాఠీ దెబ్బలు తిన్న పోరగాళ్ళ గురించి అతను రాసుకునే బ్లాగు అది. కంప్యూటర్ ల్యాబులో ఈ పిల్లను చూడటం అదే మొదలు.

"నిన్ను ఎవలు చదవమన్నరు?"

"ఎవరూ చదవకూడదా? అయితే ఇలాగే ఉంచు."

ఆమె పేరు ఎస్తేరు. ఎం.సి.ఎ. విద్యార్థిని. తండ్రి సామేలు ఎప్పుడో గుంటూరు నుంచి వచ్చి, తార్నాకలో ఒక స్కూల్లో గుమస్తాగా కుదురుకున్నాడు. ఎస్తేరు పోట్లాడుతూనే కుర్చీ జరుపుకుని వచ్చి, ఆ బ్లాగుకు ప్లగిన్లనే చిన్న ప్రోగ్రాములు పెట్టింది. ఒకటి పేజీని తొందరగా తెరుస్తుంది. ఒకటి చెత్త కామెంట్లను ఆపుతుంది. ఒకటి రాసిందంతా వేరేచోట దాస్తుంది. ఇంకోటి, ఎవరు ఎక్కడి నుంచి చదువుతున్నారో పక్కన చూపిస్తుంది.

"నల్గొండ నుంచి ఒకలు. కరీంనగర్ నుంచి ఒకలు," అని కొమురెల్లి మురిసిపోయాడు.

మురిపెం ఎన్నాళ్ళో నిలవలేదు. ఏం రాసినా, పెట్టీ పెట్టగానే "తార్నాక నుంచి ఒకరు" అని పడేది. కాసేపటికి మళ్ళీ అదే. పడుకోబోయే ముందు చూసినా అదే.

క్యాంపస్ గేట్ల దగ్గర ముళ్ళకంచెలు. తార్నాక చౌరస్తాలో పోలీసు వ్యాన్లు. హాస్టల్లో పక్క గది ఉమాపతిని చాయ్ తాగుతుండగా ఎక్కించుకుపోయారు. ఎక్కడ పెట్టారో ఎవరికీ తెలియదు. కొమురెల్లికి అన్నం సయించడం లేదు. వెనక బూటు చప్పుడైతే పక్క సందులోకి తప్పుకునేవాడు.

టియర్ గ్యాస్ ఘాటు ఇంకా పోని ఒక మధ్యాహ్నం, లైబ్రరీ మెట్ల మీద ఎస్తేరుకు చెప్పాడు.

"బ్లాగు తీసేస్తున్న. ఊరికి పోత. మళ్ళ రాను."

"ఏమైంది?"

"తార్నాక నుంచి పోలీసోడు చూస్తున్నడు. నేను రాసుడే ఆలస్యం, వాలిపోతడు."

ఎస్తేరు చున్నీ అంచు వేలికి చుట్టుకుంది. విప్పింది. మళ్ళీ చుట్టుకుంది.

"పోలీసులే అని ఎలా తెలుసు?"

"మరి ఇంకెవలికున్నది గంత పని?"

"నాకు," అంది, వినపడీ వినపడనట్టు.

అతనికి అర్థం కాలేదు.

"ఎవరు చదువుతున్నారో చూపే ప్లగిన్ పెట్టినప్పుడు, నన్ను లెక్కపెట్టొద్దని దానికి చెప్పాలి. మర్చిపోయా."

ఇన్నాళ్ళూ ఎవరికి వణికాడో ఆ పోలీసు పక్కనే కూర్చుని ఉంది. కొమురెల్లికి నవ్వు రాబోయింది. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి ఆపుకున్నాడు.

"గన్నిసార్లు ఏం చదివినవ్?"

"ఊరేగింపుల్లో అంటున్నారుగా, ఆంధ్రావాళ్ళు పోవాలని. నువ్వూ రాస్తావేమోనని చూసేదాన్ని. రాశాక ఆ మాట కలుపుతావేమోనని మళ్ళీ చూసేదాన్ని. నేను పుట్టింది తార్నాకలో. పొమ్మంటే ఎటు పోవాలో నాకు తెలీదు."



"నేను గట్ల రాయ," అన్నాడు కొమురెల్లి. "మా రాష్ట్రం మాకు గావాలె. నువ్వు గూడ గావాలె."

ఆమె చున్నీతో ముక్కు తుడుచుకుంది.

"మరి ఊరికి పోతానన్నావ్?"

"పోను."

"ఇప్పుడన్న మాట బ్లాగులో పెడతావా?"

"బ్లాగులెందుకు? మీ నాయినకే చెప్త. నడువు."

వ్యాన్ల పక్క నుంచే తార్నాక దాకా నడిచారు. లాఠీలను చూసి అతను ఆగలేదు. సందు తిరగగానే ఇంటి గేటు దగ్గర బనియన్‌తో నిలబడ్డ సామేలు కనిపించాడు. కొమురెల్లి ఆగిపోయాడు.

"ఎస్తేరూ," అన్నాడు మెల్లగా. "జర నువ్వే ముందల నడువు."