పాత కెర్నల్ వెయ్యమనండి

మొర పెట్టుకున్నా జవాబు రాకపోతే పైవాడు పలకనట్టా, మనకి వినపడనట్టా? ఈ సందేహం నాకు ఏళ్లుగా ఉంది. ఏజెంట్ బావగారి సంగతి తెలిశాక అది తీరిందో, ముదిరిందో చెప్పలేను.

అందరితో వేళాకోళంగా ఉంటాడని గూఢచారి డిపార్ట్‌మెంట్ అతనికి పెట్టిన పేరది. ఆ మధ్యాహ్నం గ్యాస్ స్టవ్ మెకానిక్ వేషంలో చీఫ్ అతని ఇంటికి వచ్చాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“మీ ఆవిడ పోయింది బావగారూ. పొద్దున హోటల్ మెట్ల మీద కాల్చేశారు.”

ఆవిడా ఏజెంటే, కోడ్ నేమ్ పిచ్చుక. మూడేళ్ల క్రితం ముత్యాల దండ వేసుకుని విదేశీ ముఠా నాయకుడి పక్కన చేరింది. వారం వారం రేడియోలో సమాచారం పంపుతానంది. నాలుగు నెలలు పంపింది. తరవాత చప్పుడు లేదు. డిపార్ట్‌మెంట్ ఆమెకి ద్రోహి అని ముద్ర వేసింది. బావగారు ఔననలేదు, కాదనలేదు. దేవుడి పటం ముందు ఆవిడ పేరు చెప్పడం మాత్రం మానేశాడు.

చీఫ్ మిషన్ వివరించాడు. సాయంత్రం ఆరింటికి ముఠా ఒక రైలు పేల్చబోతోంది. ఏ రైలో తెలీదు. ప్రాణం పోయేముందు పిచ్చుక ఆయనకి ఫోన్ చేసి, ముఠా వింటుందని కాబోలు, ఒక్క మాటే అంది.

“‘పాత కెర్నల్ వెయ్యమనండి మా ఆయన్ని’ అంది. ఇదేం కోడ్ వర్డ్?”

“కోడ్ కాదండీ. కంప్యూటర్ పని,” అన్నాడు బావగారు.

కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ. ఇంటి కంప్యూటర్‌లో రేడియో కార్డు బిగించింది పిచ్చుకే, దాన్ని పలికించే డ్రైవర్ ప్రోగ్రామ్ రాసిందీ పిచ్చుకే. అది ఆనాటి కెర్నల్‌తోనే పనిచేస్తుంది. ఏజెంట్ల కంప్యూటర్లన్నీ అప్‌డేట్ చేసి కొత్త కెర్నల్ వెయ్యాలని సర్క్యులర్ వచ్చిన వారమే కార్డు మూగబోయింది. ఆ రెంటినీ కలిపి చూడాలని ఇక్కడ ఎవరికీ తోచలేదు. ముఠా కొట్టేసిన కాగితాల్లో ఆ సర్క్యులర్ చూసి, అక్కడ ఆవిడకి తోచి ఉంటుంది.

“అయితే ఇన్నాళ్లూ పంపుతూనే...” అన్నాడు చీఫ్. సర్క్యులర్ మీద సంతకం ఆయనదే.

ఆవిడ ట్రాన్స్‌మిటర్ బ్యాటరీ ఉన్నంతవరకు ఆఖరి కబురునే మళ్లీ మళ్లీ చెబుతుంటుంది. అది ఆరిపోయేలోగా వినాలి.

ఆవిడ పనిముట్ల పెట్టెలో ఉన్న పెన్‌డ్రైవ్‌లో పాత కెర్నల్ దొరికింది. బావగారు కమాండ్ కొట్టాడు. ఎర్రర్. హెడర్ ఫైళ్లు ముందు ఎక్కాలి. ఎక్కించాడు. డ్రైవర్‌ని పాత కెర్నల్‌కి సరిపడేలా మళ్లీ కంపైల్ చేశాడు. రీస్టార్ట్ చేస్తే కంప్యూటర్ అలవాటుగా కొత్త కెర్నల్‌నే ఎత్తుకుంది. రెండోసారి బూట్ మెనూ దగ్గర ఆపి పాతదాన్ని ఎంచుకున్నాడు. స్క్రీన్ నల్లబడింది. చీఫ్ వాచీ చూడడం మానేశాడు.

కార్డు మీద పచ్చ లైటు వెలిగింది.

“...వంతెన మీద వెళ్లే పాసింజరు, మూడో పెట్టె, నీళ్ల ట్యాంకు కింద. ఏవండీ, వినిపిస్తోందా? నా స్క్రూడ్రైవర్ పెట్టెలో పెట్టారా?”

చీఫ్ ఫోన్ మీద పడ్డాడు.

“వినిపిస్తోందే,” అన్నాడు బావగారు. ఆ మాట అటు వెళ్లే దారి లేదు. కబురు ఇంకోసారి మొదలై, సగంలో ఆగిపోయింది.

పాసింజరు వంతెనకి ఇవతలే ఆగింది. బాంబు వైరు తెంచేసరికి దాని గడియారంలో ఒక్క సెకను మిగిలింది.

“ద్రోహి అన్న మాట కొట్టేస్తూ సర్క్యులర్ తీస్తాను,” అన్నాడు చీఫ్ తలొంచుకుని.

“సర్క్యులర్లు చాలండి.”

చీఫ్ వెళ్లాక బావగారు టేబుల్ సొరుగు తీశాడు. ఆవిడ బయలుదేరే రోజు తన కళ్లజోడు మర బిగించుకోవడానికి ఆవిడని అడిగి తీసుకున్న చిన్న స్క్రూడ్రైవర్ అందులోనే ఉంది. పనయ్యాక పెట్టేస్తానని అప్పుడు మాటిచ్చాడు.

పనయింది. చొక్కా అంచుతో దాన్ని తుడిచి, ఆవిడ పెట్టెలో ఖాళీగా ఉన్న గాడిలో పెట్టి, మూత వేశాడు.