నాలుగో సీటు హెడ్‌ఫోన్

ఉదయం తొమ్మిదింటికి సమావేశ భవనంలో లిఫ్ట్ తలుపులు తెరుచుకునేసరికి లోపల అనువాదకుడు గోడకు ఆనుకుని శవమై కూర్చుని ఉన్నాడు. మెడలో సన్నటి సూది. బిగిసిన గుప్పిట్లో చీటీ: "నాలుగో సీటు. హెడ్‌ఫోన్ బరువుగా ఉంది."

తొమ్మిదిన్నరకల్లా అతని బ్యాడ్జి, కళ్లజోడు ఏజెంట్ పెట్టుకున్నాడు.

"ఏడు దేశాలు," అన్నాడు చీఫ్. "ఇన్నాళ్లూ ఖనిజం తవ్వి మట్టి ధరకు అమ్ముకున్నవే. ఇవాళ సంతకాలైతే ముడి ఖనిజం గడప దాటదు. ఫ్యాక్టరీలు వాళ్లవే, ధర చెప్పేదీ వాళ్లే. అందరినీ ఒప్పించింది నాలుగో సీటు ఆర్థికమంత్రి. ఆవిడ చస్తే మిగతా ఆరుగురూ ఒకరినొకరు అనుమానించుకుని విడిపోతారు. ఆ ఖనిజం కారుచౌకగా కొనే సిండికేట్‌కి కావలసిందదే."

"లోపలి మనిషి?"

చీఫ్ ఫోటో తిప్పాడు. ముత్యాల దుద్దులు, మత్తెక్కించే నవ్వు. ప్రోటోకాల్ ఆఫీసర్. ఏజెంట్‌కు స్వయానా వదిన.

"మన మనిషే అనుకున్నాం. రెండువైపులా పనిచేస్తోంది. మీ అన్నయ్యని చంపినవాళ్లకు ఆచూకీ అమ్మిందీ తనే. పని చెడుతుందని నీకు చెప్పలేదు."

ఏజెంట్ కళ్లజోడు సర్దుకున్నాడు. అంతే.

పదింటికి హాల్లో మంత్రి హెడ్‌ఫోన్ తీసి చెవిదాకా తెచ్చింది. ఏజెంట్ ఒక్క అంగలో చేరుకున్నాడు.

"ఆగండమ్మా, అది పలకదు. ఇది పెట్టుకోండి."

బరువైనదాన్ని కోటులో దాచుకుని అనువాదకుల బూత్‌లోకి నడిచాడు. అద్దంలోంచి హాలును గమనిస్తున్న వదిన ఉలిక్కిపడి లేచింది. అతని పెన్ను మూత ఆమె మణికట్టుకు తగిలింది. కుర్చీలో కూలబడింది.

"అబ్బాయ్, ఏం చేశావ్?"

"కాళ్లూ చేతులూ పది నిమిషాలు కదలవు. నోరు పనిచేస్తుంది వదినా." హెడ్‌ఫోన్ ఆమె చెవులకు తొడిగాడు. "బటన్ ఎవరి దగ్గరుంది?"

"గ్యాలరీలో... బట్టతల ఫోటోగ్రాఫర్. కెమెరాలోనే. అధ్యక్షుడు నోరు తెరవగానే నొక్కుతాడు. తీసెయ్ నాన్నా, నీకు దణ్ణం పెడతాను!"

"అన్నయ్యని చంపేముందు వాళ్లు ఎన్నాళ్లు హింసించారు?"

"ఊరికే బెదిరిస్తామన్నారు..."

"ఎన్నాళ్లు?"

"మూడు రోజులు," అని భోరుమంది.

చెవిలో చీఫ్ గొంతు: "ఫోటోగ్రాఫర్ వెనకే మనవాళ్లున్నారు. పట్టుకోమంటావా?"

ఏజెంట్ ఆమె చేతులకేసి చూశాడు. ఉద్యోగంలో చేరిన రోజు తనకు టై ముడి వేసింది ఆ చేతులే. హాల్లో అధ్యక్షుడు లేచి గొంతు సవరించుకుంటున్నాడు.

"నొక్కనివ్వండి," అన్నాడు.

"అబ్బాయ్! ఒరేయ్!"

శబ్దం బయటికి పోని ఆ తలుపు మూసి పక్క బూత్‌లో కూర్చున్నాడు. 'దబ్' మని గోడ అదిరింది. గ్యాలరీలో ఫోటోగ్రాఫర్ కులాసాగా కూర్చున్న మంత్రిని చూసి, నోరెళ్లబెట్టి, మళ్లీ నొక్కబోయాడు. వెనకనున్న ఇద్దరూ అతని వేళ్లు ఒక్కొక్కటే విరిచారు.

మంత్రి బూత్‌ వైపు తలెత్తింది. "ఏమిటా చప్పుడు?"

ఏజెంట్ మైకు దగ్గరకు లాక్కున్నాడు.

"మన్నించాలమ్మా, అనువాదంలో ఒక తప్పు దొర్లింది. సరిదిద్దాం."