శుక్రవారం ఎప్పుడు మొదలైంది?

హలో, వినిపిస్తోందా? నేను సాల్మీన్ మామని, అరబ్బుల ముకల్లా పట్నం పక్క రేవు నుంచి. ఐసు ఫ్యాక్టరీ మామని. చాయ్ పక్కన పెట్టుకుని వినండి. ప్రేమ కథే గానీ, నవ్వుకునేది కొంచెమే.

యుద్ధం రోజుల్లో మాకు సముద్రం మీద వేట నిషేధించారు. గస్తీ ఓడలవాళ్ళు రేడియోలో ఇంగ్లీషే మాట్లాడేవారు. నోటీసులూ ఇంగ్లీషులోనే. అందుకే ఇంగ్లీషు చదువుకున్న మా రేవు పిల్ల గైదా, నా వరండాలో జాలర్లకి ఆ భాష పాఠం మొదలుపెట్టింది. పక్కనే కుర్చీలో గైదా వాళ్ళ నాన్న కాపలా. నల్ల ముసుగులో ఆ పిల్ల కళ్ళు తప్ప ఏమీ కనపడవు. పాఠానికొచ్చే కుర్ర జాలరి కరామాకి ఆ కళ్ళే చాలిపోయాయి.

"నిషేధం పెడితే ఇంపోజ్. అమల్లో ఉంటే ఇన్ ఫోర్స్. పొడిగిస్తే ఎక్స్‌టెండ్. ఎత్తేస్తే లిఫ్ట్," అంది గైదా.

"మొదటి మూడూ వచ్చేశాయి ఉస్తాదా, రోజూ చూస్తున్నాంగా. నాలుగోదే నోరు తిరగట్లేదు," అన్నాడు కరామా. ఉస్తాదా అంటే మా దగ్గర పంతులమ్మ.

"అయితే వందసార్లు రాసుకురా."

"రాస్తే మీరే దిద్దుతారా?"

వాళ్ళ నాన్న గట్టిగా దగ్గాడు. అందరం నవ్వాం.

వాడు నిజంగానే రాసుకొచ్చాడు. చివర్న నూటొకటో మాట ఆమె పేరు.

"ఇది పాఠంలో లేదే," అంది చిన్నగా.

"మరి ఎప్పుడు చెప్తారు?"

"నిషేధం ఎత్తేశాక. పడవ నీళ్ళలో పడ్డాక మీ అమ్మని పంపు."

ఒక బుధవారం నోటీసు వచ్చింది. గైదా పైకి చదివింది: "శుక్రవారం నుంచి నిషేధం ఎత్తేశారు." రేవంతా గంతులేసింది.

మా లెక్కలో పొద్దుగూకితే రోజు మారుతుంది. గురువారం మగ్రిబ్ నమాజు అయిందంటే మాకు శుక్రవారం వచ్చేసినట్టే. ఆ సాయంత్రం తొలి పడవ కరామాదీ, వాడి అన్న ముబారక్‌దీ. అందులోకి ఐసు ఎత్తించింది నేనే.

ఓడలవాళ్ళకి మాత్రం అది ఇంకా గురువారమే. వాళ్ళ రోజు అర్ధరాత్రి దాటాకే మారుతుంది. గైదాకి ఆ సంగతి తెలుసు. కానీ తనూ ఈ రేవు పిల్లే కదా, చెప్పాలని తట్టలేదు.

గంట తిరక్కుండా తుపాకుల చప్పుడు ఒడ్డుదాకా వినిపించింది. మర్నాడు ముబారక్ శవం దొరికింది. కరామాని పట్టుకుపోయారు.

మూడో రోజు గైదా చావింటికి వెళ్ళి ఆ తల్లి ముందు కూలబడింది. "చదివింది నేనమ్మా. ఏ గంట నుంచో చెప్పలేదు. నన్ను తిట్టు."

"తిడితే పెద్దాడు లేచొస్తాడా?" అంది ఆవిడ. "చిన్నాడు బతికున్నాడట. నీకు వాళ్ళ భాష వచ్చుగా. రాయి."

రాసింది. వారానికో అర్జీ. మాకు శుక్రవారం ఎప్పుడు మొదలవుతుందో వివరంగా, రేవు పెద్దల వేలిముద్రలతో సహా. ఒక్కదానికీ జవాబు లేదు. ఐదో నెలలో వాణ్ణి వదిలారు. చేతిలో ఒక కాగితం పెట్టారు.

వాడు తిన్నగా వరండాకి వచ్చి దాన్ని ఆమెకిచ్చాడు. ఆమె చదివి మడతపెట్టింది.

"ఏముంది ఉస్తాదా?"

"నువ్వింక పడవ ఎక్కకూడదట. ఎప్పటిదాకానో రాయలేదు."

"అయితే మా అమ్మ రాదులెండి. సముద్రం లేని జాలరికి పిల్లనెవరిస్తారు? పైగా మిమ్మల్ని చూస్తే అన్న గుర్తొస్తున్నాడు."

"నిన్ను చూస్తే నాకూ అంతే. ఇద్దరం వేరువేరుగా ఏడవడం దేనికి?"

వాళ్ళ నాన్న ఈసారి దగ్గలేదు. లేచి, తన కుర్చీ వాడి వైపు జరిపాడు. "కూర్చో నాయనా," అన్నాడు.

ముబారక్ పోయి ఏడాది దాటాక వాళ్ళ పెళ్ళయింది. డప్పుల్లేవు, పాటల్లేవు. కరామా ఇప్పుడు నా దగ్గరే ఐసు కొడుతున్నాడు. సముద్రానికి వీపు పెట్టి కొడతాడు.

మీకు తెలిసినవాళ్ళలో నోటీసులు రాసే ఆఫీసరెవరైనా ఉంటే, ఈ కథ వాళ్ళకి పంపండి. తారీఖు పక్కన గంట కూడా వేయమని చెప్పండి.