చదివేది నేను, దిద్దేది ఆవిడ

“కథ రాసేటప్పుడు వ్యాకరణాన్ని చెప్పులతో పాటు గుమ్మం బయటే వదిలేయండి” అని నేను క్లాసులో గొంతు చించుకుంటున్నాను. సరిగ్గా అప్పుడే ఆవిడ చెప్పులతో సహా లోపలికి వచ్చింది.

కింద అంతస్తులో ఉన్న ప్రెస్సులో ఆవిడ ప్రూఫ్‌రీడర్. ఈ సాయంత్రపు కథల క్లాసు నడిపేది మా పెద్దమ్మ. నా భాష మీద నమ్మకం లేక, తప్పులు దిద్దడానికి ఆవిణ్ణి పెట్టింది.

“ముందు బిడ్డని పుట్టనివ్వండి మేడం, తల దువ్వడం తర్వాత” అన్నాను.

“దువ్వుతాను గానీ, తల ఎటుందో చెప్పండి సార్” అంది, బోర్డు మీద నేను రాసిన వాక్యం చూస్తూ.

క్లాసంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. ఆవిడ నవ్వు బాగుందనిపించి ఇంకా మండింది.

ఆ రోజు నుంచి ఇద్దరం ఉప్పూ నిప్పూ. నేను “తోచింది రాసేయండి” అనడం, వెనకాలే ఆవిడ ఎర్ర పెన్నుతో దిగడం. ఒకరోజు మా క్లాసుకొచ్చే ఆస్పత్రి నర్సమ్మ, ఎర్రబడ్డ తన కాగితం చూసుకుని, “నాకు రాదులెండి” అని లేచి వెళ్లిపోయింది. నేను అందరి ముందూ నోరు జారాను.

“మీ పెన్ను కథల్ని చంపేస్తోంది!”

ఆవిడ పెన్నుకి మూత పెట్టేసింది. క్లాసు వాళ్ల కథల పుస్తకం అచ్చుకి వెళ్లేదాకా ఉంటాననీ, తర్వాత రాననీ పెద్దమ్మకి చెప్పేసింది. ఆవిడ రాని క్లాసు ఊహించుకోలేకపోయాను. ఎదురుగా చెప్పే ధైర్యం లేక, ఆ పుస్తకానికిచ్చిన నా కథలో మనసంతా కక్కేశాను. అచ్చయ్యాక చదువుకుంటుందిలే అనుకున్నాను.

అక్కడే పప్పులో కాలేశాను. ఆ ప్రెస్సులో ఒకరు కామాలు, ఫుల్‌స్టాపులతో సహా పైకి చదవాలి, ఇంకొకరు ప్రూఫు దిద్దాలి. ఎప్పుడూ చదివే ముసలాయనకి గొంతు పోయింది. పెద్దమ్మ నన్ను కిందికి తోలింది.

“భావం పెట్టి చదవకండి. భావం తప్పుల్ని దాచేస్తుంది” అంది ఆవిడ, పెన్ను మూత తీస్తూ. బయట వాన మొదలైంది.

ముందు నర్సమ్మ కథ. తప్పులన్నీ పోయాయి గానీ నర్సమ్మ మాటతీరు అలాగే ఉంది.

“ఈ మాటలు దిద్దలేదేం?”

“అవి తప్పులు కావు, ఆవిడ గొంతు. నిన్న ఆస్పత్రికెళ్లి ఆ మాటే చెప్పొచ్చాను. మళ్లీ వస్తానంది.”

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తర్వాతి కథ నాది. పారిపోదామంటే బయట కుండపోత. మింగలేక కక్కలేక మొదలుపెట్టాను.

“ఆమెతో రోజూ పోట్లాడతాను కామా ఆమె రాని రోజున కామా ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు ఫుల్‌స్టాప్ ఆమె ఎర్ర పెన్నంటే భయం కామా ఆమె అంటే ఇష్టం ఫుల్‌స్టాప్”

పెన్ను ఆగింది.

“మళ్లీ చదవండి.”

“తప్పుందా?”

“లేదు. ఈసారి భావం పెట్టి చదవండి.”

చదివాను. కామాలు ఎటు పోయాయో తెలీదు.

“సోమవారం క్లాసుకి వస్తారా?”

“రాకపోతే మీతో పోట్లాడేదెవరు?” అంది, తల దించుకుని నవ్వుతూ.

మెట్ల మీంచి పెద్దమ్మ కేక వినిపించింది.

“చివరి ముక్క నాకు వినబడలేదురా! గట్టిగా చదువు!”