ఆగ్నేయ మూల

రంగూన్ అవతల ట్వంటే కాలవ గట్టున ఉన్న ఆ ఇంటి మీద గంగాభవాని మొదటిసారి చూసినప్పుడే మనసు పారేసుకుంది. పారేసుకోక ఏం చేస్తుంది పాపం. పెళ్ళై రంగూన్ వచ్చిన దగ్గర్నించీ సేక్కాన్ రేవు పక్కన ఒంటిగది కాపురమే. గోడకి అవతల ఎవరో దగ్గితే ఇవతల పిల్ల ఉలిక్కిపడి లేచేది. కుళాయి కింద బిందె పెట్టాలంటే రోజూ ఒక తగవు. అలాంటిది ఇక్కడ టేకు రాటల మీద నేలకి ఎత్తుగా కట్టిన ఇల్లు, చుట్టూ అరటి, జామ, వెనకంతా వరిచేలు. పొద్దున్న కుమ్మరివాళ్ళు మట్టి తొక్కే చప్పుడు, సాయంత్రం పడవవాళ్ళ కేకలు. ఆ రెండూ అయిపోతే ఊరంతా గప్‌చుప్.

మొగుడు కూర్మనాథం రేవులో మేస్త్రి. స్వదేశం పోయి ఇంత పొలం కొనుక్కుందామని అతని ఆశ. కాదు, ఈ ఇల్లే కొనాలని ఈమె పంతం. అలిగి, అన్నం మానేసి, మాటలు మానేసి, చివరికి సాధించుకుంది.

ఇల్లు అమ్మింది దో ఆయే అనే బర్మా ముసలమ్మ. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. అంత ఇల్లు ఊడ్చుకోలేక బౌద్ధమఠం వెనక చిన్న గుడిసెకి మారిపోతోంది. సంతలో బేరాలాడీ ఆడీ భవానికి బర్మా మాట బాగానే వచ్చు. కూర్మనాథానికి వచ్చిందల్లా రేవులో వాడే తిట్లూ, ఓ పది ముక్కలూ. అందుకని ముసలమ్మ ఏం చెప్పాలన్నా భవానికే చెప్పేది. ‘తమీ’ అని పిలిచేది, అంటే కూతురా అని.

వెళ్ళే రోజున భవాని చెయ్యి పట్టుకుని ఆగ్నేయ మూల రాట దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ ఎర్రగుడ్డ చుట్టిన కొబ్బరికాయ ఒకటి వేలాడుతోంది. ఇంటిని కాచే దేవుడు అందులో ఉంటాడట, నాట్ అంటారట. ఒకప్పుడు ఆయన్ని చెట్టుకి కట్టేసి బతికుండగానే కాల్చారట. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదట. కాయలో నీళ్ళే ఆయనకి కాస్త ఊరట. నీళ్ళు ఇంకిపోతే కొత్త కాయ కట్టాలి. ఆ మూల నిప్పు రాజెయ్యకూడదు. అందుకే ముసలమ్మ ఇన్నేళ్ళూ వంట పెరట్లోనే చేసుకుంది.

అలాగే అమ్మా, తప్పకుండా అంది భవాని. ఆమె కళ్ళు అప్పటికే కిటికీలోంచి అరటి గెలని చూస్తున్నాయి.

గృహప్రవేశానికి సేక్కాన్ నుంచి చుట్టాలు లాంచీలో వచ్చారు. అందరికీ పెద్ద రామలింగం, కూర్మనాథానికి పెదనాన్న. పంచాంగం, వాస్తు, ఎవరు ఎక్కడ కూర్చోవాలి, అన్నీ ఆయన చెప్పాల్సిందే. ఈ కాయ సంగతి ఆయన చెవిన పడితే ఇంకేమైనా ఉందా? ఇంకో దేవుడున్న కొంపలో అడుగు పెట్టనంటాడు. కూర్మనాథం ఆయన మాట దాటడు. ఇల్లు చేజారిపోతుంది. అందుకని వాళ్ళు గట్టెక్కకముందే భవాని ఆ కాయ ఊడదీసి, ఎర్రగుడ్డ విప్పి, పూజ కాయల బుట్టలో అడుగున పెట్టేసింది. వాళ్ళు వెళ్ళాక మళ్ళీ కట్టెయ్యొచ్చు, ఎవరు చూడొచ్చారు?

రామలింగం ఇల్లంతా కలియదిరిగి, పొయ్యి ఆగ్నేయంలోనే ఉండాలన్నాడు. అగ్నిదేవుడి మూల, అందులో ఇంక మాటేముంది. సరిగ్గా ఆ రాట మొదట్లో ఇసక పోయించి, మట్టిపొయ్యి పెట్టించి, పాలు పొంగించమన్నాడు. భవానే నిప్పు రాజేసింది. పాలు పొంగాయి. కర్పూరం వెలిగింది. ఆయన బుట్టలోకి చెయ్యి పోనిచ్చి ఒక కాయ తీశాడు. పీచు పాతబడి, నల్లబడి ఉంది. బుట్టెడు కాయల్లో ఆయన చేతికి అదే తగలాలా? అది కాదు మావయ్యా, వేరేది తియ్యండి అంటే సరిపోయేది. అంటే ఎందుకని అడుగుతాడు. భవాని తల వంచుకుని పొయ్యిలో పుల్ల ఎగదోసింది.

కాయ పగిలింది. రామలింగం అబ్బా అని చెయ్యి విదిలించాడు. నీళ్ళు సలసల కాగుతున్నాయి. ఎండలో పెట్టిన బుట్ట కదా అని ఎవరో నవ్వేశారు.

బుట్ట ఎండలో లేదు. ఆ సంగతి భవానికి తెలుసు.

భోజనాలయ్యాయి, చుట్టాలు వెళ్ళారు. సోమవారం కూర్మనాథం కూడా పనికి పోయాడు, మళ్ళీ శనివారం దాకా రాడు. ఇంట్లో మిగిలింది భవాని, అయిదేళ్ళ కూతురు సూర్యావతి. అతను గట్టు దిగగానే ఆమె పొయ్యిని పెరట్లోకి మోసుకుపోయింది. కొత్త కాయ తెచ్చి, చెవి దగ్గర ఆడించి చూసింది. నీళ్ళు గలగలలాడాయి. ఎర్రగుడ్డ చుట్టి రాటకి కట్టి దణ్ణం పెట్టుకుంది. హమ్మయ్య అనుకుంది. సాయంత్రం ఎందుకో అనుమానమేసి మళ్ళీ ఆడించింది.

చప్పుడు లేదు.

ఇంకో కాయ కట్టింది. అదీ అంతే. పొద్దున్న లేచేసరికి కుండల్లో నీళ్ళు అడుగంటి ఉండేవి. ఇంట్లో ఏదో వాసన... వెంట్రుకలు కాలిన వాసన. పిల్ల తలకి దీపం తగిలిందేమోనని జడ విప్పి చూసింది. ఏమీ లేదు. ఆ వాసన రాట దగ్గరే ఎక్కువగా ఉంది.

తర్వాత పిల్ల ఒళ్ళు కాలడం మొదలైంది. వైద్యుడు వచ్చి ఏదో కషాయం ఇచ్చాడు. నుదుటి మీద తడిగుడ్డ వేస్తే వేసినట్టే ఆరిపోతోంది. పిల్ల ఏడవదు, మూలగదు. రాటకేసి చూస్తూ నీళ్ళు అడుగుతుంది. గ్లాసు నోటికి అందిస్తే మొహం తిప్పుకుంటుంది.

"నాక్కాదే అమ్మా," అంటుంది.

శనివారం వాన. సాయంత్రానికే చీకటి కమ్మేసింది. కూర్మనాథం తడిసిపోయి వచ్చి, పిల్లని ఎత్తుకోబోయి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. కబురెందుకు పెట్టలేదని భవానిని కసురుకున్నాడు. అప్పుడు చూశాడు రాటకున్న ఎర్రగుడ్డని.

"అదేటే?"

"ముసలమ్మ కట్టమంది మావా."

అది అబద్ధం కాదు. కానీ అతను అనుకున్నది వేరు. ఇల్లు అమ్మినట్టే అమ్మి, మళ్ళీ లాక్కోవడానికి ముసల్ది చేతబడి చేసిందనుకున్నాడు. గొడుగైనా లేకుండా మఠం వైపు పరుగెత్తాడు. పిలవాలి, ఆపాలి, ఉన్నది చెప్పెయ్యాలి. భవాని గుమ్మం దాకా వెళ్ళి అక్కడే ఉండిపోయింది. మఠం మెట్ల దగ్గర, నలుగురూ చూస్తుండగా, అతను తనకొచ్చిన బర్మా తిట్లన్నీ ఆ ముసలిప్రాణం మీద కుమ్మరించాడు.

దో ఆయే అతని వెంటే వచ్చింది, వానలో తడుస్తూ. ఆమె మొహంలో కోపం లేదు. నిచ్చెన మెట్లెక్కి వచ్చి పిల్ల నుదురు తాకింది. కాయ దించి చెవి దగ్గర ఆడించింది. కప్పు మీద వాన చప్పుడు. కాయలో ఏమీ లేదు.

అప్పుడు వినపడింది.

రాట దగ్గర ఎవరో... గుటక వేస్తున్నారు. ఎండిపోయిన గొంతుతో. లేని నీళ్ళని మింగుతున్నారు. కాసేపు ఆగింది. మళ్ళీ...

కూర్మనాథం పిల్లని గుండెకి అదుముకుని గోడకి ఆనుకుపోయాడు. ముసలమ్మ భవాని దగ్గరికి వచ్చి గుసగుసగా అడిగింది.

"తమీ, పాత కాయ ఏం చేశావు?"

కూర్మనాథం ఇటే చూస్తున్నాడు. వీళ్ళ మాట అతనికి అందదు గానీ, భార్య మొహం చూస్తే సంగతి అందుతుంది.

"కాలవలో వదిలేశాను," అంది భవాని.

"నిప్పు?"

"పెట్టలేదు."

ముసలమ్మ ఆమె కళ్ళలోకి చూసింది. నమ్మిందో, నమ్మలేదో. వెళ్ళి రాట ముందు మోకాళ్ళ మీద కూర్చుని నేలకి తల ఆనించింది.

"అయితే తప్పు నాదే అయ్యా. నీతో చెప్పకుండా వదిలేసి పోయాను. ఈ పసిదాన్ని వదిలెయ్యి. నాతో వచ్చెయ్యి."

కాయని పైబట్టలో చుట్టి, చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, మెల్లగా మెట్లు దిగింది. గుటకల చప్పుడు ఆమె వెనకే దిగింది. మెట్టు మీద... తర్వాత బురదలో... తర్వాత వానలో కలిసిపోయింది.

కాసేపటికి పిల్లకి చెమట పట్టింది. ఒళ్ళు చల్లబడింది. అమ్మా ఆకలి అంది. భవాని పాలూ అన్నం కలిపి పెడుతూ ఏడ్చింది. పిల్ల దక్కిందన్న సంతోషం ఒకవైపు, సిగ్గు ఒకవైపు. తన పాపాన్ని ముసలమ్మ మూటగట్టుకుని పోయింది. తెల్లారగానే వెళ్ళి కాళ్ళ మీద పడి నిజం చెప్పేస్తానని పిల్ల తల మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకుంది.

తెల్లారీ తెల్లారకుండానే పక్కింటి కుమ్మరి మౌంగ్ మౌంగ్ వచ్చి, దో ఆయే పోయిందని చెప్పాడు.

భవాని పిల్లని చంకనేసుకుని వెళ్ళింది. వెనకే కూర్మనాథం. గుడిసె చుట్టూ ఊరివాళ్ళు. లోపల ఎక్కడా నిప్పు అంటుకోలేదు. కప్పు ఆకు ఇంకా వానకి కారుతోంది, చాపకి చిన్న మచ్చయినా లేదు. కానీ ముసలమ్మ చేతులు అరచేతుల నుంచి మోచేతుల దాకా బొబ్బలు. పెదాలు పగిలి నల్లగా ఉన్నాయి. ఆడవాళ్ళు ఇద్దరు తడిగుడ్డలతో శవాన్ని తుడుస్తున్నారు. గుడ్డ మాటిమాటికీ ఆరిపోతోంది.

కూర్మనాథం గుమ్మంలో నిలబడి, వచ్చీరాని బర్మాలో, సైగలు కలిపి, అందరికీ వినపడేలా చెప్పాడు. ఇది మంత్రగత్తె అన్నాడు. నా బిడ్డ మీద చేసిన ప్రయోగం తిరగబడి దీన్నే కాల్చిందన్నాడు. రాత్రి అతని ఇంట్లోంచి ఆమె కాయ పట్టుకుని వెళ్ళడం కొందరు చూశారు. జనం గుసగుసలాడుకున్నారు. శవాన్ని తుడుస్తున్న ఆడవాళ్ళు గుడ్డలు కింద పడేసి లేచి నిలబడ్డారు. భిక్షువుల్ని పిలవడానికి బయల్దేరిన మనిషిని ఎవరో ఆగమన్నారు.

దిక్కులేనిదానిలా ఆ ముసలమ్మ అలా పడి ఉండటం చూడలేకపోయింది భవాని. ఇంక చాలు. మొగుడు వదిలేసినా సరే, ఇల్లు పోయినా సరే. ముందుకి ఒక అడుగేసింది.

"కాదు. ఆమె ఏ తప్పూ చెయ్య..."

చంకలో పిల్ల ఒళ్ళు భగ్గుమంది.

భవాని ఆగిపోయింది. పిల్ల ఒంట్లో వేడి దిగిపోయింది. తన భ్రమే అనుకుంది. ఊపిరి తీసుకుని మళ్ళీ నోరు తెరిచింది. మళ్ళీ... ఈసారి రవిక లోంచి భవాని చర్మం చుర్రుమంది. వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది, పిల్ల జడ లోంచి.

"ఏటే, ఏటంటున్నావు?" అన్నాడు కూర్మనాథం.

ఊరంతా ఆమెనే చూస్తోంది. ముసలమ్మ మూటగట్టుకుపోయిన పాపం, నిజం చెబితే మళ్ళీ ఈ పసిదాని మీదికే వస్తుంది.

"ఏమీ లేదు మావా," అంది భవాని.

పిల్ల ఒళ్ళు చల్లబడింది. అది తల్లిని చూడటం లేదు. శవం మొహం కేసి కాస్త వంగి, ఎవరో మెల్లగా చెబుతున్నది వింటున్నట్టు ఉంది. తర్వాత సరేనని తలూపి, తన చిన్న అరచెయ్యి తెచ్చి తల్లి నోటి మీద గట్టిగా పెట్టింది.