ఒంటికొమ్ము సేనాని రెండో కొమ్ము

"నేను క్షమాపణ చెప్పను. ముందే చెప్తున్నా," అంది ఎనిడ్ విడ్డోసన్, కుర్చీలో కూర్చోకముందే. "నాకు నచ్చచెప్పాలని చూస్తే ఇటునుంచి ఇటే వెళ్ళిపోతాను."

నాటింగ్‌హామ్‌లో, మాన్స్‌ఫీల్డ్ రోడ్డు మీద, రొట్టెల కొట్టు పైనున్న ఆ గదికి సాధారణంగా భయపడినవాళ్ళు వస్తారు. ఈవిడ భయపెట్టడానికి వచ్చినట్టుంది. డెబ్బైకి దగ్గర పడిన మనిషి, సన్నగా, నిటారుగా, చంకలో అట్టల సంచీతో నిలబడింది. ప్రైవేట్ డిటెక్టివ్ హెస్టర్ డాబెల్‌కు ఇలాంటివాళ్ళంటే చచ్చేంత ఇష్టం. ఆమె సహాయకుడు నార్మన్ టాంసెట్ మాత్రం కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు. ఇరవై ఆరేళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరైన నార్మన్‌కు హెస్టర్ మాటంటే వేదం. ఆమె తుమ్మినా నోట్‌బుక్కులో రాసుకుంటాడు.

ఎనిడ్ ఒక ఉత్తరం బల్ల మీద పడేసింది. 'బ్రాస్ ఫెరెట్' కంపెనీ లాయరు రాసినది. ఆ కంపెనీ 'బూడిద చంద్రులు' అనే ఆట అమ్ముతుంది. వేల ఏళ్ళ తర్వాత గ్రహాల మధ్య జరిగే యుద్ధాన్ని బొటనవేలంత సీసం సైనికులతో బల్ల మీద ఆడతారు. ఆ సైనికుల్లో ముఖ్యుడు ఒంటికొమ్ము సేనాని. శిరస్త్రాణానికి ఎడమవైపు ఒకటే కొమ్ము. అది చేతి మీద పచ్చబొట్టు పొడిపించుకున్న పెద్దమనుషులు ఊళ్ళో వందల మంది ఉన్నారు.

"ఆ సేనానిని పుట్టించింది నేను," అంది ఎనిడ్. "ఎనభై మూడులో లేసు మిల్లు మూసేసి మమ్మల్ని రోడ్డున పడేశారు. నేను అక్కడ నమూనాలు గీసేదాన్ని. మా పక్కింటి లెన్ ఫ్రాగట్ ఈ కంపెనీకి బొమ్మలు చేసేవాడు. ఏదైనా గీసివ్వమన్నాడు, గీసిచ్చాను. పుట్టీతో మొదటి బొమ్మ చేశాక నా కాగితం నాకు తిరిగిచ్చేశాడు. ఆరేళ్ళ కింద పోయాడు పాపం. ఇప్పుడు ఇరవయ్యేళ్ళ పండగంట, ప్రదర్శనంట. మొదటి బొమ్మ గీసింది యజమాని రాడ్నీ ఓల్డర్‌షా అట! నాదని చెప్పినందుకు నేను దొంగదాన్నట!"

శుక్రవారం అయిదింటికి ప్రదర్శన మొదలవుతుంది. ఈలోగా తన బొమ్మ నకిలీదని ఒప్పుకుని, క్షమాపణ చెబుతూ ఎనిడ్ సంతకం పెట్టాలి, లేకపోతే కోర్టు.

"కోర్టుకెళ్తే ఇల్లు పోతుంది. సంతకం పెడితే నేనే పోతాను," అంది ఆమె.

హెస్టర్ సంచీ విప్పి బొమ్మ చూసింది. గళ్ళ కాగితం మీద పెన్సిలు గీతలు. శిరస్త్రాణం, కవచం, అడ్డంగా పట్టుకున్న తుపాకీ. అంతా బాగుంది. నార్మన్ మాత్రం గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, తప్పుగా అనుకోకండి. మా అల్లుడు ఈ ఆట పిచ్చోడు కాబట్టి నాకు తెలుసు. సేనానికి ఒక్క కొమ్మే. మీరు రెండు గీశారు."

"లాయరూ అదే అన్నాడు. 'ఆట గురించి ఓనమాలు తెలియని ముసలమ్మ గీసింది' అని. ఒకటెందుకు తీసేశారో నాకేం తెలుసు నాయనా? నేను పెట్టింది రెండే."

హెస్టర్ చిన్నగా నవ్వింది. "ఆ మాట మీదే నిలబడండి."

మర్నాడు ఇద్దరూ కంపెనీకి వెళ్ళారు. రాడ్నీ ఓల్డర్‌షా అద్దాల బల్ల వెనుక, పట్టు చొక్కాలో కూర్చుని ఉన్నాడు. గోడ మీద చట్రంలో అతని 'మొదటి బొమ్మ' వేలాడుతోంది. కింద మూలన 1982 అని తేదీ. ఒకే కొమ్ము.

"పబ్బులో కూర్చుని గీశానండీ," అన్నాడు. "లెన్ దాన్ని చూసే బొమ్మ చేశాడు. ఆ ముసలావిడకు పిచ్చి పట్టింది. నేను కేసు పెట్టకుండా ఓపిక పడుతున్నాను, సంతోషించమనండి."

"సార్, ఈ కుడి కణత మీద గుండ్రంగా ఏదో ఉంది, ఏంటది?" అడిగాడు నార్మన్.

"ఒట్టు మేకు. రాజు ముందు ఒట్టు పెట్టుకున్నప్పుడు కొట్టించుకున్న మేకు. ఆ కథంతా నేనే రాశాను."

"బొమ్మ గీసేటప్పుడే అనుకున్నారా?" అంది హెస్టర్.

"మొదటి గీత నుంచీ!"

"మీరు కంపెనీలోకి వచ్చేసరికి సీసం బొమ్మలు పోతపోయడం మొదలైందా?"

"అది... కాగితాల ప్రకారం తర్వాతే చేరాను. కానీ ఆలోచన నాదే. ఇంకేమైనా ఉందా?"

బయటికొచ్చాక హెస్టర్ పాతబొమ్మల దుకాణంలో తొలి పోతలో వచ్చిన సేనానిని కొని, భూతద్దంతో చూసి నార్మన్ చేతిలో పెట్టింది. "మేకు తల ఎలా ఉంది?"

"గరుగ్గా ఉంది మేడమ్. కవచం మీది మిగతా మేకుల తలలన్నీ నున్నగా ఉన్నాయి." నార్మన్ ఆ సంగతి రాసుకుని కింద రెండు గీతలు గీశాడు. ఎందుకో మాత్రం అతనికి తెలియదు.

మధ్యాహ్నం సెయింట్ ఆన్స్ కొండ మీది కూరగాయల తోటల్లో సిరిల్ స్పిబీని పట్టుకున్నారు. కంపెనీలో మొదటి అచ్చులన్నీ తీసినవాడు ఇతనే. ఉల్లినారు నాటుతూ పలకరించాడు.

"రా తల్లీ, టీ పెడతాను. మెట్టు చూసుకో, బురద."

"అచ్చు ఎలా తీస్తారో చెప్పండి బాబాయ్," అంది హెస్టర్.

"రెండు పచ్చి రబ్బరు బిళ్ళలుంటాయి. మధ్యలో పుట్టీ బొమ్మ పెట్టి, వేడి మీద గట్టిగా నొక్కుతాం. రబ్బరు గట్టిపడ్డాక బొమ్మ తీసేస్తే ఆ గుంటే అచ్చు. దాన్ని గిరగిరా తిప్పుతూ సీసం పోస్తాం."

"నొక్కేటప్పుడు పుట్టీ విరుగుతుందా?"

సిరిల్ చేతిలో నారు ఆగిపోయింది. "పని తెలిసినోడి చేతిలో విరగదు," అన్నాడు ముక్తసరిగా. ఆ తర్వాత టీ సంగతి మరిచిపోయాడు.

గుడిసె పక్కన పూలకుండీల కింద నల్లటి రబ్బరు బిళ్ళలు పరిచి ఉన్నాయి. ఒకదాని అంచున '1' అని చెక్కి ఉంది.

"ఇది అరువిస్తారా? శుక్రవారం మీరూ రావాలి," అంది హెస్టర్. సిరిల్ కుండీ పక్కకు జరిపాడు.

శుక్రవారం నాలుగింటికి లేస్ మార్కెట్‌లోని పాత మిల్లు హాల్లో అందరూ చేరారు. ఓల్డర్‌షా, అతని లాయరు, ప్రదర్శన నిర్వాహకురాలు, సిరిల్, ఎనిడ్. బయట వీధి చివరిదాకా అభిమానుల వరుస. లాయరు క్షమాపణ కాగితం, కలం బల్ల మీద సర్ది పెట్టాడు.

"సంతకం పెట్టేద్దామా అమ్మా?" అన్నాడు.

"ఆ కలంతో నీ చెవి గోక్కో," అంది ఎనిడ్.

ఓల్డర్‌షా చట్రం ఇప్పుడు ఈ హాలు గోడ మీద ఉంది; హెస్టర్ ఎనిడ్ బొమ్మను దాని పక్కన పెట్టింది. "రెండు కొమ్ములున్నాయి కాబట్టి ఎనిడ్ బొమ్మ నకిలీదన్నారు. నేను దాన్నే తిరగేసి ఆలోచించాను. లెన్ చేసిన పుట్టీ బొమ్మకు నిజంగానే రెండు కొమ్ములుంటే? ఒకటి అచ్చులో విరిగిపోయి, విరిగినచోట మొండి మిగిలితే? ఆ అచ్చులో పోసిన ప్రతి సీసం బొమ్మకూ ఒక కొమ్మూ, కణత మీద ఒక గరుకు బొడిపే వస్తాయి. తర్వాత వచ్చిన పెద్దమనిషి ఆ బొడిపెను చూసి, అదేదో మేకు అనుకుని, దానికో కథ అల్లేస్తాడు."

"కట్టుకథ!" అన్నాడు ఓల్డర్‌షా.

హెస్టర్ నల్ల బిళ్ళ మీద కత్తి పెట్టి సిరిల్ వైపు తోసింది. "మీ పని, బాబాయ్. మీరే కొయ్యండి."

సిరిల్ కత్తి అందుకున్నాడు. అది సరిగ్గా సేనాని కణత గుంట పక్కనే దిగింది. ఎక్కడ కొయ్యాలో అతనికి ఇరవయ్యేళ్ళుగా తెలుసు. రబ్బరు విచ్చుకుంది. లోపల పక్కకు ఒరిగి, బియ్యపు గింజంత పచ్చ పుట్టీ కొమ్ము కనిపించింది.

"నేనే విరగ్గొట్టాను," అన్నాడు సిరిల్. "ఉద్యోగంలో చేరి వారమే అయింది. తీసేస్తారని వణికిపోయాను. లెన్ చూశాడు. 'ఇలాగే బాగుందిలే, నోర్మూసుకో' అన్నాడు. పనోడికి అంతకంటే సిగ్గేముంది? ఎవరికీ చెప్పలేదు. నన్ను క్షమించు ఎనిడ్, ముందే నోరు విప్పాల్సింది."

ఓల్డర్‌షా లేచాడు. "అయితే ఏంటి? నేను ఒకటే గీశాను. రెండోది లెన్ సొంతంగా పెట్టుంటాడు!"

"ఒప్పుకుందాం," అంది హెస్టర్. "కొమ్ము విరుగుతుందని, విరిగినచోట బొడిపె మిగులుతుందని ఎనభై రెండులోనే మీకెవరు చెప్పారు? మొదటి గీత నుంచీ ఆ మేకు అనుకున్నానన్నారు. నార్మన్ రాసుకున్నాడు. మీరు గీసింది సీసం బొమ్మను చూసి. అదీ పోతపోశాక."

నార్మన్ నోట్‌బుక్కు ఎత్తి చూపించాడు. రిటైరయ్యాక అతను అంత గర్వంగా ఎప్పుడూ నిలబడలేదు. లాయరు కాగితాన్ని మెల్లగా సంచీలోకి లాక్కున్నాడు.

"నిరుడు గీశాను," అన్నాడు ఓల్డర్‌షా చివరికి, గొంతు తగ్గించి. "పాత కాగితం మీద. ఇంత పెంచింది నేనే కదా? చూడండి ఎనిడ్ గారూ, ఇద్దరి పేర్లూ వేద్దాం. నా పేరు కింద మీ పేరు."

"నీ పేరు పక్కన నా పేరు వేస్తే నేనే చింపేస్తాను," అంది ఎనిడ్. "లెన్ పేరు వెయ్యండి. సిరిల్ పేరు వెయ్యండి, సిగ్గుపడితే పడనీ. నీకు మాత్రం చోటు లేదు."

నిర్వాహకురాలు గోడ మీది చట్రం దింపించి, కొత్త చీటీ తీసుకుంది. "మీ పేరు రాశానండీ. సేనాని గురించి కూడా ఒక మాట చెప్పండి. ఆయన్ని ఎవర్ని చూసి గీశారు?"

"ఆయనేంటి? ఆవిడ."

హాలంతా ఆమె వైపు తిరిగింది.

"ఐవీ చెట్విండ్. మిల్లులో మా అంతస్తు యూనియన్ నాయకురాలు. మిల్లు మూసేసిన రోజు గేటుకి అడ్డంగా కూర్చుంది. నలుగురు పట్టి లాగినా కదల్లేదు. ఆ మొండితనానికి ఒక కవచం తొడిగాను, అంతే."

"కుదరదు!" ఓల్డర్‌షా అరిచాడు. "సేనాని మగవాడు. నియమాల పుస్తకంలో ఉంది!"

"పుస్తకం నువ్వు రాశావు బాబూ," అంది ఎనిడ్. "మనిషిని నేను గీశాను."

ఆమె నిర్వాహకురాలి చేతిలోంచి కలం తీసుకుని, చీటీ మీద ఐవీ పూర్తి పేరు తన చేత్తోనే రాసింది. అయిదింటికి తలుపులు తెరిచేసరికి సిరా ఇంకా తడిగానే ఉంది.